మన బతుకు మన పేరు మీద రాయాలె

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చిన ఒంటరి దళిత స్త్రీలు, సంఘాల కార్యకర్తలు కలిసి కూర్చున్న సభలో మా తరఫున వినిపించిన ప్రసంగ పాఠం.)

 

మేము ఎవరమో ముందుగాల చెప్తం. జనగామ చుట్టుపక్కల పత్తి చేన్లల్ల, మహబూబాబాద్ దిక్కు మిరప తోటల్ల, భూపాలపల్లి బొగ్గుబావుల పక్క బస్తీలల్ల కూలినాలి చేసి పిల్లల్ని సాకుతున్న మాల, మాదిగ ఆడోళ్ళం. మాలో కొందరు కోర్టుకు పోయి విడాకులు తీసుకున్నోళ్ళు. ఎక్కువమంది ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే విడిపోయినోళ్ళు. ఊర్లో మా అందరికీ ఒకటే పేరు: 'మొగడు వదిలేసింది'. తాగి కొడితే భరించలేక మేమే బయటికి వచ్చినా అదే పేరు. ఇంకో ఆమెను తెచ్చి పెట్టుకుంటే సంటి పిల్లను సంకనేసుకుని వచ్చినా అదే పేరు. ఆడది మొగన్ని వదిలింది అనే మాటే ఊరి నోట్లో లేదు. వదిలే అధికారం మగానిది, వదిలించుకునే రాత ఆడదానిది అన్నట్టు మాట్లాడుతరు.

మేము ఈ రోజు ఏడుపులు చెప్పడానికి రాలేదు. అవి మీకు తెల్వనివి కావు. ఒక్క మాట చెప్పడానికి వచ్చినం. మొగడు పోయినందుకు మేము చెడలేదు. మా చేతులు మాకున్నయి, పెండ్లికి ముందూ కూలి చేసినం, పెండ్లయినంకా చేసినం, ఇప్పుడూ చేస్తున్నం. మరి ఎక్కడ చెడుతున్నం? ఇంటి జాగ ఆయన పేరు మీద, భూమి పట్టా ఆయన పేరు మీద, రేషన్ కార్డు ఆయనది, పిల్లల కులం కాగితం ఆయన ఇంటిపేరు మీద. మనిషి విడిపోయిండు, కాగితాలు విడిపోలేదు. అక్కడ చెడుతున్నం. మన బతుకు మన పేరు మీద రాయించుకోవాలె. ఇది ఇంటి గొడవ కాదు, దళిత ఉద్యమం ఎత్తుకోవలసిన పని. అదే ఈ ప్రసంగం.

విడాకులు మన కులాలకు కొత్తవా?

కొందరు పెద్దమనుషులు అంటరు, 'విడాకులు పట్నం రోగం, చదువుకున్నోళ్ళ రోగం, మన ఇండ్లల్ల ఎన్నడన్న ఉన్నదా' అని. ఉన్నది. మన అమ్మమ్మలను అడగండి. ఒకప్పుడు మన కులాల్లో మగపెండ్లోళ్ళే ఓలి కట్టి పిల్లను తీసుకపోయేది. పొత్తు కుదరకపోతే కులం ముందు తెగదెంపులు చేసుకునేది. ఓలి తిరిగి ముట్టజెప్పేది. ఆడది మారుమనువు పోయేది. ఆ ఓలి కూడ ఆడదానికి కట్టిన వెలనే అనేది వేరే సంగతి, దాన్ని మేమేం మెచ్చుకుంటలేము. కాని విడిపోయిన ఆడదాన్ని చచ్చినదాని లెక్క చూసుడు మన ఆచారం కాదు. భర్త చస్తే గుండు కొట్టించి మూలకు కూసోబెట్టింది ఎవరు? ఎంత హింస పెట్టినా పతివ్రత లెక్క పడి ఉండమన్నది ఎవరు? ఆ శాస్త్రాలు మన వాడలో పుట్టినవి కావు. ఓలి పోయి కట్నం వచ్చినట్టే, ఆ పరువు కూడ అగ్రకులాల ఇండ్ల నుంచి మన వాడకు అరువు వచ్చింది. అరువు తెచ్చుకున్న పరువు కోసం మన బిడ్డల ప్రాణాలు తీసుకుందామా?

ఈ సంగతి బాబాసాహెబ్ అంబేద్కర్‌కు బాగా తెలుసు. హిందూ కోడ్ బిల్లు మీద చర్చ జరిగినప్పుడు విడాకులు మహాపాపమని గోల చేసినోళ్ళకు ఆయన ఈ సంగతే ఎత్తి చూపిండు. శూద్ర కులాల్లో విడాకుల ఆచారం ఎప్పటి నుంచో ఉన్నది, దేశంలో ఎక్కువమంది వాళ్ళే, పైకులాలోళ్ళ ఆచారాన్ని మొత్తం దేశానికి ధర్మమని చెప్పడమేందని అడిగిండు. ఆ బిల్లును నడవనియ్యలేదు. 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేసిండు. రాజీనామాకు చెప్పిన కారణాల్లో ఈ బిల్లును ఆపేసుడు ముఖ్యమైన కారణం. అంతకు ముందే 1942 జులైలో నాగపూర్‌లో వేలమంది దళిత స్త్రీలు కూడిన సభలో, పెండ్లయిన ఆడది మొగనికి స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలె, బానిసగా ఉండనని చెప్పాలె అని బోధించిండు. 1955లో వచ్చిన హిందూ వివాహ చట్టం ఆయన తలపెట్టిన పనిలో ఒక ముక్క. ఆ చట్టం 29వ సెక్షన్ కులాచారం ప్రకారం జరిగే విడాకులను కూడ చెల్లుతయని ఒప్పుకున్నది. కాకపోతే ఆ ఆచారం ఉన్నదని కోర్టులో రుజువు చెయ్యాలె.

అంటే అయ్యా, విడిపోవడం మన సంప్రదాయంల ఉన్నది, మన బాబాసాహెబ్ పోరాటంల ఉన్నది. దాన్ని చూసి తల దించుకోవలసిన పని మనకు లేదు.

వంద రూపాయల బాండు పేపరు

ఇప్పుడు పంచాయితీ సంగతి. మన వాడల్ల తగాదా వచ్చినంక ఏమైతది? రచ్చకట్ట కాడనో, స్కూలు ముంగటనో పెద్దమనుషులు కూసుంటరు. రెండు దిక్కుల నుంచి డిపాజిట్టు అని పైసలు పెట్టిస్తరు. ఆడామెను నిలబెట్టి అడుగుతరు. మొగానికి కుర్చీ ఉంటది. సాయంత్రానికి వంద రూపాయల బాండు పేపరు మీద ఒకాయన రాస్తడు: 'మేము ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిపోతున్నము, ఇక ముందు ఒకరి మీద ఒకరికి ఏ హక్కులు లేవు, భరణం అడగను.' ఆమె వేలిముద్ర వేస్తది. ఎంతో కొంత చేతిల పెడుతరు. పెండ్లికి పెట్టిన సామాన్లల్ల మంచం, బీరువా తిరిగి ఇప్పిస్తరు. డిపాజిట్టు పైసల్ల కొన్ని పంచాయితీ ఖర్చు కింద పోతయి. రాత్రికి దావత్.

అక్కలారా, ఆ కాగితంల రాసిన ప్రతి మాట మన మెడకు ఉరి. ఎట్లనో వినండి.

భార్యను, పిల్లలను పోషించకపోతే భరణం ఇప్పించే సెక్షన్ ఒకటి ఉన్నది. మొన్నటిదాక అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 144వ సెక్షన్ అయింది. విడాకులు తీసుకుని మళ్ళీ పెండ్లి చేసుకోని ఆడది కూడ దాని కింద భరణం అడగవచ్చు. కాని ఇద్దరూ ఒప్పుకుని విడిగా ఉంటున్న భార్యకు భరణం రాదని అందులోనే ఒక మెలిక ఉన్నది. బాండు పేపరు మీద 'ఇష్టపూర్వకంగా' అని ఎందుకు రాయిస్తరో ఇప్పుడు తెలిసిందా? రేపు కోర్టులో ఆయన వకీలు ఆ ఒక్క మాటను పట్టుకుంటడు. ఇష్టం ఏడ్చిందా మనది? పండ్లు రాలగొడితే వచ్చినం. అది రాయమనండి.

ఇప్పటికే వేలిముద్ర వేసినోళ్ళు కూడ భయపడొద్దు. భరణం అడగనని రాసి ఇచ్చినా, ఆ రాత చూపించి చట్టం ఇచ్చిన హక్కును మింగలేరని చాలా తీర్పులు ఉన్నయి. పిల్లల భరణమైతే అసలు తల్లి వదులుకుంటే పోయేది కాదు, అది పిల్లల హక్కు. ఇంకో మాట. కోర్టు అంటే ఆయన ఊరి కోర్టుకే పోవాలె అనుకుంటరు. అక్కర్లేదు. నువ్వు ఏడ ఉంటే ఆడనే కేసు వెయ్యవచ్చు. 2022 జూన్ 2 నాడు తెలంగాణల కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు పెట్టిండ్రు. 2016 అక్టోబరు దాక వరంగల్ జిల్లాల ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రజలకు అప్పటి నుంచి జిల్లా కోర్టు కోసం వరంగల్ బస్సు ఎక్కే పని తప్పింది.

వకీలు ఫీజు ఎట్ల అంటరా? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడోళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండ వకీలును ఉచితంగా ఇవ్వాలె. మనం ఆడోళ్ళం, దళితులం, రెండు విధాల హక్కుదారులం. కోర్టు ఆవరణల్నే న్యాయ సేవా సంస్థ ఆఫీసు ఉంటది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇచ్చి, ముట్టినట్టు రశీదు తీసుకోండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తరు.

కేసు తేలేదాక ఏం తినాలె? మధ్యంతర భరణం అడగాలె. 2001లో చట్టం మార్చినప్పుడు, నోటీసు ముట్టిన నాటి నుంచి 60 రోజుల లోపల దాన్ని వీలైనంత వరకు తేల్చాలె అని పెట్టిండ్రు. అంతకు ముందు నెలకు 500 మించి ఇవ్వొద్దని ఉన్న హద్దును కూడ అప్పుడే తీసేసిండ్రు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనీష్, నేహా కేసులో భరణాన్ని దరఖాస్తు పెట్టిన తారీఖు నుంచే లెక్కగట్టాలె అని తీర్పు చెప్పింది. ఇంకొకటి యాది పెట్టుకోండి. ఆయన భరణం కట్టకుండ ఎగ్గొడితే, ఆ బాకీ కోసం ఏడాది లోపలే మళ్ళీ కోర్టుల అర్జీ వెయ్యాలె. 'పోనీ తియ్యి, రేపిస్తడు' అని ఊకుంటే పాతబాకీ ఆ సెక్షన్ కింద వసూలు కాకుండ పోతది.

భూపాలపల్లి అక్కలకు ప్రత్యేకంగా ఒక మాట. మొగడు సింగరేణిల పర్మినెంటు కార్మికుడు, నెల తిరిగితే జీతం, మీకు మాత్రం పైస రాదు. 2005 గృహహింస చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఆయన జీతంలకెళ్ళి నేరుగా మీకు కట్టాలె అని మేజిస్ట్రేటు కంపెనీకి ఆర్డరు ఇవ్వవచ్చు. ఆయన దయ అక్కర్లేదు. ఆయన తాగి మిగిలింది అక్కర్లేదు. జీతం పడే కాడనే మన వాటా తెగాలె.

కార్డు, సర్టిఫికెట్టు, పట్టా

ఇంత చదివినోళ్ళు ఉన్న ఈ దేశంలో 2011 జనగణన లెక్క ఏం చెప్తుందంటే, విడాకులు తీసుకున్నోళ్ళ కంటే విడాకులు లేకుండ విడిపోయి బతుకుతున్నోళ్ళు రెండింతలకు పైన. అంటే మనసొంటోళ్ళే ఎక్కువ. ఆఫీసుకు పోతే 'విడాకుల కాగితం ఏది' అని అడుగుతరు. లేదంటే 'అట్లయితే నీ మొగన్ని తోల్కరా' అంటరు. మొగడే ఉంటే నీ దగ్గరికి ఎందుకు వస్తం సారూ?

రేషన్ కార్డు సంగతి చూద్దాం. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్‌లో ఏం రాసిండ్రో తెలుసా? ఇంట్ల 18 ఏండ్లు నిండిన ఆడోళ్ళల్ల పెద్దామెనే కార్డుకు యజమాని. మొగడు కాదు. కాబట్టి పాత కార్డుల మన పేరు, పిల్లల పేర్లు తీయించి, మన పేరుతోని వేరే కార్డు అడుగుడు దానం కాదు, చట్టం. అత్తగారింటి కార్డుల పేరు తియ్యకపోతే కొత్త కార్డు రాదు. తీసెయ్యాలంటే ఆయన సంతకం కావాలంటరు. ఈ ముడి మాలో చాలామందిమి పడ్డం. ఒక్కళ్ళం పోయినప్పుడు 'రేపు రా' అన్న ఆఫీసే, పది మందిమి పోయి కింద కూసుంటే ఆ దినమే విచారణకు మనిషిని పంపింది. సంఘం అంటే ఇదీ.

పిల్లల కులం సర్టిఫికెట్టు ఇంకో ముడి. తండ్రి సర్టిఫికెట్టు తెమ్మంటరు. తండ్రి, తల్లి ఇద్దరూ మన కులమే అయినప్పుడు తల్లి సర్టిఫికెట్టు ఎందుకు పనికిరాదని అడగాలె. ప్రేమించి పెండ్లి చేసుకున్న పైకులం పిలగాడు పిల్ల పుట్టంగనే మాయమైన ఇండ్లు కూడ మన వాడల్ల ఉన్నయి. ఆ పిల్ల వాడల పెరిగింది, వాడల తిన్నది, బడిల వాడ పిల్ల అని తిట్లు తిన్నది. సర్టిఫికెట్టు దగ్గరికి వచ్చే వరకు 'తండ్రి కులమే నీ కులం' అంటరు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రమేశ్‌భాయ్ నాయకా కేసులో ఈ మాటను కొట్టేసింది. తల్లి కులంల పెరిగి, ఆ కులం పడే అవమానాలు పడ్డ బిడ్డ రుజువులు చూపించి తల్లి కులం అడగవచ్చునని చెప్పింది. 2015 జులైలో ఇంకో తీర్పు వచ్చింది. ఒంటరి తల్లి బిడ్డకు జనన ధ్రువపత్రం అడిగితే ఆమె అఫిడవిట్ తీసుకుని ఇవ్వాలె, తండ్రి ఎవరని వేధించొద్దని. ఈ రెండు తీర్పులు ప్రతి కార్యకర్త సంచిల ఉండాలె.

భూమి సంగతికి వస్తే, మన దగ్గర ఉన్నదే ఎంత? అసైన్డు పట్టా ఎకరమో అరెకరమో. అది మొగని పేరు మీద. విడిపోయిన దినం ఆమె ఆ భూమికి కూలిది. పుట్టింట్ల అడిగితే 'పెండ్లికి పెట్టినం గద' అంటరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిల సమాన వాటా 1985లోనే చట్టమైంది. 2005ల దేశమంతా అయింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నడా లేడా అనేదానితో పని లేదు, పుట్టుకతోనే బిడ్డకు హక్కు అని తేల్చింది. మహబూబాబాద్ తండాల మన లంబాడ అక్కలకు ఈ హిందూ వారసత్వ చట్టం వర్తించదు. వాళ్ళది ఆచారం. కాని 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసుల, ఆడోళ్ళకు వాటా లేదనే ఆచారం ఉన్నదని రుజువు చెయ్యకపోతే వాటా ఇవ్వాల్సిందే అని చెప్పింది. 'మా దాంట్ల ఆడోళ్ళకు లేదు' అని నోటితో అంటే చాలదన్న మాట.

2014 ఆగస్టు 15 నాడు దళితులకు మూడెకరాల భూమి పథకం మొదలు పెట్టినప్పుడు, పట్టా ఇంటి ఆడామె పేరు మీదనే ఇస్తమన్నరు. మంచి మాట. కాని చాలా కొద్దిమందికే అందింది. ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లు కూడ ఆడోళ్ళ పేరు మీదనే అంటున్నరు. అయితే ఇల్లు కట్టాలంటే కింద జాగ కావాలె గద! జాగ మొగనిదయినప్పుడు, లేకపోతే జాగనే లేనప్పుడు మన పేరు మీద ఇల్లు ఆకాశంల కడ్తరా? ఒంటరి ఆడోళ్ళకు ముందు జాగ ఇయ్యండి, తర్వాత ఇల్లు ఇయ్యండి.

పింఛను మాట

2017 జూన్ నుంచి తెలంగాణ సర్కారు ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలు పెట్టింది. 2019లో అది 2,016 అయింది. 2023 ఎన్నికల్ల పింఛను నాలుగు వేలు చేస్తమని కాంగ్రెస్ మాట ఇచ్చింది. పెండ్లయి మొగనితో విడిపోయి ఏడాది దాటినోళ్ళకు, ఊర్లల్ల ఏడాదికి లక్షన్నర, పట్నాల్ల రెండు లక్షల లోపు ఆదాయం ఉన్నోళ్ళకు అని నిబంధన పెట్టిండ్రు. విధవ కాని ఒంటరి ఆడది ఒకామె ఈ రాజ్యంల ఉన్నదని సర్కారు కాగితం మీద ఒప్పుకున్నది. అది చిన్న సంగతి కాదు.

కాని దాని వెనుక ఇంకోటి నడుస్తున్నది. ఆమె నిజంగా ఒంటరేనా అని ఊరంతా పోలీసు అయింది. ఇంటికి తమ్ముడు వచ్చినా అడుగుతరు. మేస్త్రీ బండి మీద పనికి దిగబెట్టినా అడుగుతరు. ఇష్టం లేని నాయకునికి ఓటు వెయ్యకపోతే 'ఆమె మొగనితోనే ఉంటున్నది' అని ఒక అర్జీ పడుతది. రెండు వేల కోసం మన నడవడిని ఊరికి తాకట్టు పెట్టాల్నా? పింఛను పేదరికానికి ఇచ్చేది, పాతివ్రత్యానికి ఇచ్చేది కాదు. ఇంకోటి, రెండు వేలతోని ఇల్లు నడవదు. పింఛను ఊతకర్ర, కాళ్ళు కాదు. కాళ్ళు అంటే భూమి, పని, ఇల్లు.

దూరదేశపు అక్కల కథ

ఆఫ్రికాల కెన్యా, టాంజానియా దేశాలల్ల మాసాయి అనే పశువుల కాపరుల జాతి ఉన్నది. ఆ జాతిల ఇల్లు కట్టేది ఆడది. కట్టెలు తెచ్చి, మట్టి, ఆవు పేడ కలిపి గోడ మెత్తి, కప్పు వేసేది ఆమెనే. పాలు పిండేది ఆమెనే. కాని ఆవులు మొగనివి. పెండ్లికి మగపెండ్లోళ్ళు ఆవులిచ్చి పిల్లను తీసుకపోతరు. విడిపోవాలంటే ఆ ఆవులు తిరిగి ఇవ్వాలె. మన ఓలి గుర్తుకొస్తలేదా? పుట్టింటోళ్ళు తిరిగి ఇయ్యలేక 'సర్దుకపో బిడ్డా' అంటరు. విడిపోయి వచ్చిన ఆడది తన చేతుల్తోని కట్టిన ఇంటికే పరాయిది.

ఆ మాసాయిలు మాట్లాడే మా భాషనే మాట్లాడే వాళ్ళ దాయాదుల జాతి సంబురు. ఉత్తర కెన్యాల ఉంటరు. 1990ల ఆ జాతి ఆడోళ్ళు సుమారు పదిహేను మంది, రెబెకా లోలోసోలి అనే ఆమె ముందు నడవంగ, తమ ఊరు తామే కట్టుకున్నరు. ఊరి పేరు ఉమోజా. అంటే ఐక్యత. అత్యాచారానికి గురై మొగడు తరిమేసినోళ్ళు, దెబ్బలు పడలేక వచ్చినోళ్ళు, చిన్నతనంల ముసలోనికి కట్టబెడితే పారిపోయి వచ్చినోళ్ళు అక్కడ చేరిండ్రు. పూసలు గుచ్చి దండలు చేసి, వచ్చిపోయే యాత్రికులకు అమ్మి, ఆ పైసలతోని పిల్లలకు బడి పెట్టుకున్నరు. చుట్టుపక్కల మొగోళ్ళు వచ్చి బెదిరించిండ్రు, కొట్టిండ్రు. వాళ్ళు జాగ విడవలేదు.

మన వాడ విడిచి ఇంకో ఊరు కట్టుకుందామని మేము అంటలేము. ఈ వాడ మనది కూడ. కాని వాళ్ళు చేసిన ఒక పని మనం నేర్వాలె. ఒక్కొక్కరు విడివిడిగ ఏడ్వకుండ ఒక్క జాగల చేరిండ్రు. జాగను తమది చేసుకున్నరు.

మన దగ్గర కూడ ఉన్నది

అంత దూరం ఎందుకు? సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల చిలుకపల్లి అనసూయమ్మ ఉన్నది. దళిత స్త్రీ. మొగనితో తెగిపోయి బిడ్డతోని కూలికి పోయింది. 1983ల పుట్టిన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల చేరి మొక్కలు పెంచే పనికి పోయింది. గుట్టలు, బీళ్ళు, పనికిరాదని వదిలేసిన జాగలల్ల మొక్కలు నాటి, ఎన్నో ఊర్లల్ల అడవులు లేపింది. లోకం మెచ్చింది. అదే సంఘాల దళిత స్త్రీలు బీడు భూములు చదును చేసుకుని, కౌలుకు పట్టి, జొన్న, కంది, కొర్ర పండించిండ్రు. విత్తనాలు దాచుకున్నరు. 2008 నుంచి సొంత రేడియో నడిపిండ్రు. ఎవరి దగ్గర విత్తనం ఉన్నదో ఆమె మాట ఊర్ల చెల్లింది.

ఒక్కామె అరెకరం కౌలుకు అడిగితే ఊరి రైతు నవ్వుతడు. పది మంది కలిసి అయిదెకరాలు అడిగితే లెక్క మాట్లాడుతడు. జనగామ నుంచి పొద్దుగాల రైలెక్కి హైదరాబాద్ పోయి అడ్డా మీద నిలబడే అక్కలకు, మిరప ఏరి చేతులు మండే అక్కలకు, కాంట్రాక్టరు కింద ఊడ్చే అక్కలకు ఒకటే మాట. కూలి అవసరమే, కాని కూలి ఒక్కటే ఉన్నన్ని రోజులు ఇంకొకల ఇష్టం మీద బతుకుతం. రోజూ పది రూపాయలు దాచినా, పదిమంది కలిసి భూమి దిక్కు నడవాలె.

జనగామ జిల్లా పాలకుర్తి గడ్డ చాకలి ఐలమ్మ గడ్డ. 1940లల్ల కౌలుకు పట్టిన భూమిల పండిన పంటను విస్నూరు దేశ్‌ముఖ్ ఎత్తుకపోవాలని చూస్తే, సంఘం అండతోని ఆ గింజలను ఇంటికి చేర్చుకున్న ఆడది. 1985ల కన్ను మూసింది. ఇప్పుడు హైదరాబాద్‌ల మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిండ్రు. సంతోషం. మరి అదే పాలకుర్తి దిక్కు ఒంటరి ఆడది అరెకరం పట్టా అడిగితే ఇస్తరా? పేరు గోడ మీద రాసుడు సులువు, పట్టా మీద రాసుడే కష్టం.

ఒంటరిది అని చూసే చూపు

'తిరిగి ఆడది చెడుతది, తిరగక మొగోడు చెడుతడు' అని సామెత చెప్తరు. తిరగకపోతే మా పిల్లలు చెడుతరు. మేము కోర్టుకు తిరగాలె, ఆఫీసుకు తిరగాలె, పనికి తిరగాలె. తిరిగే ఆడదాని మీద మాట పడుతది. మొగడు లేనిది అని దొరల కొడుకులు చెయ్యి వేస్తరు. ఊర్ల ఎవనికన్న జరం వస్తే ఒంటరి ఆడదాని మీద చేతబడి అని వేస్తరు. 2016 జనవరి నుంచి అమలుల ఉన్న సవరణతోని అత్యాచారాల నిరోధక చట్టంల, ఎస్సీ ఎస్టీ ఆడదాన్ని ఆమె ఇష్టం లేకుండ తాకుడు, మంత్రగత్తె అని నింద వేసి బాధ పెట్టుడు నేరాలుగ రాసిండ్రు. చేసింది పైకులపోడు అయితే ఆ చట్టం కింద కేసు కావాలె. చేసింది మనోడే అయితే ఆ చట్టం రాదు, మామూలు చట్టం ఉన్నది. మనోడని దాచిపెట్టే పని లేదు. దొర కొడితే ఊరేగింపు తీస్తం, మొగడు కొడితే సర్దుకపొమ్మంటమా? ఒక దెబ్బ దెబ్బ, ఇంకో దెబ్బ ముద్దా?

సంఘాలోళ్ళు ఏం చెయ్యాలె

కార్యకర్తలకు మేము అప్పగించే పనులు ఇవి. రాసుకోండి.

ఒకటి, ప్రతి వాడల విడిపోయి ఉన్న ఆడోళ్ళ లిస్టు రాయాలె. ఎవరికి కార్డు లేదు, ఎవరికి జాగ లేదు, ఎవరి పిల్లలకు సర్టిఫికెట్టు లేదు, వేరువేరుగ రాయాలె. రెండు, పంచాయితీల కూసుంటే ఆడామె కూడ కుర్చీల కూసోవాలె, ఆమె దిక్కు కనీసం ఇద్దరు ఆడోళ్ళు ఉండాలె. 'ఇష్టపూర్వకంగా', 'భరణం అడగను' అన్న మాటలు ఏ కాగితం మీదా రాయనియ్యొద్దు. డిపాజిట్టు తినే పంచాయితీని వాడల నడవనియ్యొద్దు. మూడు, కొట్టినప్పుడే దవాఖాన చీటీ తీసుకోవాలె, 181కి ఫోన్ చెయ్యాలె, సఖి కేంద్రంల పేరు రాయించాలె. ఆ చీటీ రేపు సాక్ష్యం. నాలుగు, ఊరి లెక్కల ఉన్న సర్కారు భూమి, బంచరాయి, ఖాళీ ఇంటి జాగల వివరాలు తీసి, మొదటి హక్కు ఒంటరి దళిత స్త్రీలదని అర్జీ పెట్టాలె. అయిదు, ఇక ముందు ఏ పట్టా వచ్చినా, ఏ ఇల్లు వచ్చినా, సంసారం మంచిగ నడుస్తున్న ఇంట్ల కూడ ఆడామె పేరు ఉండాలె. ఇది మొగోళ్ళ మీద కోపం కాదు. వాన రాకముందే కప్పు వేసుకుంటం గద!

చివరికి మా చెల్లెండ్లకు ఒక మాట. విడిపొమ్మని మేము ఎవ్వరికీ చెప్తలేము. మంచిగ ఉన్న ఇల్లు మంచిగనే ఉండాలె. కాని ఉండుడా, పోవుడా అనేది దెబ్బలకు భయపడి కాదు, తిండికి భయపడి కాదు, మీ ఇష్టం మీద తేల్చుకునే రోజు రావాలె. చేతిల కాగితం, కాళ్ళ కింద నేల, పక్కన సంఘం ఉన్న ఆడదాన్ని ఎవ్వడూ వదిలెయ్యలేడు. ఎందుకంటే ఆమె ఎవ్వని చేతిలోనూ లేదు.

ఈ నెలాఖరు లోపల మూడు జిల్లాల ప్రతి మండల ఆఫీసు ముందు మన లిస్టులతోని నిలబడదాం. ఒక్కళ్ళుగ కాదు, ఊరుకు పది మందిమి. కూలి పోతది, తెలుసు. అరువు పరువు కోసం ఎన్నో కూళ్ళు పోగొట్టుకున్నం. సొంత బతుకు కోసం ఒక్క కూలి పోగొట్టుకుందాం.

జై భీమ్!